తేదీ దొరకని పరీక్ష

ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగునకు బోవు బాట ప్రక్కన ఉదయము ఆరు గంటలకు నిలుచుండి చూచినవారికి మా సీమ జీవనమంతయు కన్నులయెదుట నడచిపోవును. నాపరాళ్ళ నెత్తుకొని మూల్గుచు వచ్చు లారీలు, ఎఱ్ఱగుంట్ల సిమెంటు బస్తాల బండ్లు, పాలడబ్బాలు ఇరుప్రక్కల వ్రేలాడగట్టుకొన్న మోటారు సైకిళ్ళు, ముగ్గురు కూర్చుండదగిన చోట ఎనమండుగురను ఎక్కించుకొన్న ఆటోలు, వీని నడుమ దారి వెదకుకొను ఆర్.టి.సి. బస్సు. పులివెందుల వైపునకు బోయినచో నాపరాయికి బదులు చీనీకాయలు, అరటిగెలలు, అంతియే భేదము. పూర్వము కాడెద్దులు లేనివానిని సేద్యగాడని యెవ్వరును అనెడివారు కారు. నేడు మోటారు నడుప నేరనివానికి సేద్యమందే గాదు, కూలియందు గూడ చోటు తక్కువయినది. కువైటునకు బోవదలచిన పడుచువానిని ఏజెంటు మొదట అడుగు ప్రశ్న చదువెంత యని గాదు, లైసెన్సున్నదా యని.

పదునెనిమిదేండ్లు నిండిన పౌరుడు రెండింటికి అర్హుడగుచున్నాడు. ఒకటి ఓటు. రెండవది బండి నడుప నేర్చుకొనుటకు అనుమతి. మొదటిదాని కొరకు అధికారులు పుస్తకము చేతబట్టుకొని ఇంటింటికి వత్తురు. రెండవదాని కొరకు అతడే తిరుగవలెను. ఈ అనుమతికాగితమునే మా ప్రాంతమున అందరును ఎల్.ఎల్.ఆర్. అందురు. ఆ మూడక్షరముల వివరమేమని యడిగిన చెప్పలేనివారు సయితము అది లేనిదే పని జరుగదని యెరుగుదురు. దానికొక పరీక్ష కలదు. పరీక్షకొక తేదీ కావలెను. ఆ తేదీని ముందుగా సంపాదించుకొనవలెను. ఈ చిన్న విషయమును గూర్చి సంపాదకీయమేల యని కొందరు పాఠకులు అనుకొనవచ్చును. చిన్న విషయము గాదని మా యభిప్రాయము.

మేము చెప్పదలచినది యొక్కటే. పరీక్ష కఠినముగను, పరీక్షకు జేరు దారి సులభముగను ఉండవలెను. నేడు పరీక్ష సులభము, దారి కఠినము. ఈ తలక్రిందుల యేర్పాటు వలననే నేర్వవలసినది నేర్వకుండ, తిరుగవలసిన దానికంటె ఎక్కువ తిరిగి, చివరకు కాగితమును మాత్రము చేతబట్టుకొని మన పిల్లలు రోడ్డునకు వచ్చుచున్నారు.

చట్టము క్రొత్తది గాదు. మోటారు నడుపువానికి లైసెన్సు ఉండవలెనని బ్రిటిషు ప్రభుత్వము 1914లోనే ఈ దేశమునకంతకును చట్టము చేసెను. 1939లో దానిని మార్చి పెద్దది చేసిరి. ఇప్పుడమలులో నున్నది 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము. అది 1989 జూలై 1వ తేదీనుండి నడచుచున్నది. దాని ప్రకారము నేర్చుకొనువాడు మొదట ఒక ప్రాథమిక పరీక్షయందు కృతార్థుడై ఎల్.ఎల్.ఆర్. పొందవలెను. అది ఆరు మాసములు చెల్లును. పొందిన నాటినుండి ముప్పది దినములు గడచినగాని బండి నడిపి చూపు రెండవ పరీక్షకు బోరాదు. ఈలోపల బండికి ముందు వెనుకల తెల్లని పలకపై ఎఱ్ఱని 'ఎల్' అక్షరము కట్టుకొనవలెను. కారైనచో లైసెన్సు గలవాడొకడు ప్రక్కన కూర్చుండవలెను. మోటారు సైకిలైనచో నేర్పువానిని దప్ప వేరొకరిని వెనుక నెక్కించుకొనరాదు. ఆ ఎఱ్ఱ అక్షరమును డ్రైవింగు స్కూలువారి కార్లపై దప్ప మరియొక బండిపై చూచిన జ్ఞాపకము మాకు లేదు.

ఇక ఆ ప్రాథమిక పరీక్షలో నడుగునదేమి? రోడ్డు గుర్తులు, సంజ్ఞలు, దారి నియమములు. ప్రమాదము జరిగినపుడు బండి నడుపువాడు చేయవలసిన విధి. కాపలా లేని రైలుగేటు దాటునపుడు పాటింపవలసిన జాగ్రత్త. బండిలో నుంచుకొనవలసిన కాగితములు. నూటికి అరువది ప్రశ్నలకు సరియైన జవాబులు చెప్పినచో చాలును. ముక్కోణపు గుర్తు హెచ్చరిక, గుండ్రని గుర్తు ఆజ్ఞ, నీలిరంగు పలక సమాచారమని తెలిసికొనుటకు పండితుడు కానక్కరలేదు. గాయపడినవానిని విడిచి పారిపోరాదు, దగ్గరనున్న వైద్యునికడకు జేర్చవలెను, పోలీసువారికి తెలుపవలెను అని చట్టములోని 134వ విభాగము చెప్పుచున్నది. మా రోడ్లపై జరిగిన ఎన్నో ప్రమాదములలో బండి నిలుపక పోయినవారు ఈ వాక్యమును ఒక్కమారయినను విన్నవారేనా యని మాకు సందేహము. చదువంతయు కలిపి పట్టుమని పది పుటలుండదు. కాని బండి నడుపువానితో ప్రభుత్వము అతని జీవితకాలమున రోడ్డు ధర్మమును గూర్చి మాటలాడునది ఈ యొక్క గడియయందే. తరువాత మాటలాడునది జరిమానా చీటితో.

ఆ గడియకు జేరుట యెట్లో చూతము. దరఖాస్తు కేంద్ర ప్రభుత్వమువారి 'సారథి' యను వెబ్‌సైటులో పెట్టవలెను. ఆధారు సంఖ్య కావలెను. ఆ సంఖ్యకు జతపరచిన టెలిఫోనునకు వచ్చు ఓ.టి.పి. కావలెను. ఫొటోను, సంతకమును వారు చెప్పిన కొలతకు కుదించి పంపవలెను. పది కిలోబైట్లకు తగ్గరాదు, ఇరువదికి మించరాదు. మనిషి యెంత లావైనను ఫొటో సన్నముగ నుండవలెనన్నమాట. నలువది యేండ్లు దాటినవారు వైద్యుని పత్రము చేర్చవలెను. కేంద్ర నిబంధనల ప్రకారము ఒక తరగతి బండికి 150 రూపాయలు, పరీక్షకు 50 రూపాయలు. దానిపై రాష్ట్రమువారి సేవారుసుము. సొమ్ము చెల్లించిన పిమ్మట తేదీల పట్టిక కనబడును. ఖాళీయున్న తేదీని ఎన్నుకొనవలెను. పట్టణమున నివసించి, ఇంగ్లీషు చదివి, చేతిలో మంచి ఫోను గలవానికిది అరగంట పని. వానికి మేమీ వ్యాసము వ్రాయుట లేదు.

జమ్మలమడుగునకు అవతల, మైలవరము వైపున ఒక పల్లె. తండ్రి నాపరాళ్ళ పాలిషు పట్టు కూలి. కుమారుడు ఇంటరు తప్పినాడు, పందొమ్మిదేండ్లు. పాల వ్యాను నడుపు పని ఇచ్చెదనని యొకరు మాట ఇచ్చిరి, లైసెన్సు తెచ్చుకొనుమనిరి. కుఱ్ఱవాడు పట్టణములోని యొక నెట్ సెంటరునకు బోయెను. అచ్చటివాడు ఆధారు సంఖ్య కొట్టి ఓ.టి.పి. చెప్పుమనెను. అది రాలేదు. ఏల రాలేదు? ఆధారు తీసిననాడు ఇంట ఫోను లేక మేనమామ నంబరు ఇచ్చియుండిరి. ఆ మేనమామ ఇప్పుడు కువైటులో ఉన్నాడు. ఆ నంబరు ఎన్నడో చెల్లిపోయినది. సరే, ఆధారు నంబరు మార్చుటకు ఒక దినము. అది మారునందాక కొన్ని దినములు. రెండవమారు పోయిన ఫొటో చెల్లలేదు. మూడవమారు సొమ్ము పోయెను గాని రసీదు రాలేదు. నాలుగవమారు తేదీ దొరకినది. ఆ తేదీనాడు తండ్రియు కూలి మానుకొని కుమారునితో పోయెను. సర్వరు పనిచేయుట లేదు, మరియొక తేదీ తీసికొనుడని చెప్పిరి. ఎవరిమీద కోపపడవలెనో వారికి తెలియలేదు. చెప్పినవాడును వారివలెనే నిస్సహాయుడు.

ఆ కార్యాలయము పేరు మేము చెప్పము. దోషము ఒక గదిది గాదు. ఒక గుమాస్తాది అసలే గాదు. బండ్ల యోగ్యత చూచువారు, రోడ్డుమీద తనిఖీ చేయువారు, నడుపు పరీక్ష పెట్టువారు, కాగితపు పరీక్ష పెట్టువారు చాలచోట్ల ఆ కొద్దిమంది ఇన్‌స్పెక్టర్లే. ఈ సంగతి మరచి వారిని దూషించుట న్యాయము గాదు.

తండ్రి కొడుకులు బయటికి వచ్చి చెట్టునీడను నిలుచుండగా నొకడు దగ్గరకు వచ్చెను. "తేదీ సంగతి నాకిడిసిపెట్టు పెద్దాయనా, పిల్లోడు వచ్చి కూచుంటే చాలు" అనెను. అడిగిన సొమ్ము ప్రభుత్వపు రుసుమునకు పలురెట్లు. తండ్రి అడిగిన ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది: "మావాడు ఇంగా ఏమీ చదువుకోలేదే?" అని. దళారి నవ్వి, చదువవలసిన పని లేదనెను.

రోగమంతయు ఈ చివరి మాటలోనే యున్నదని మేమనుచున్నాము. దళారి అమ్మునది తేదీ యని పైకి కనబడును. నిజముగ అతడమ్మునది చదువకుండ తప్పించుకొను సౌకర్యము. తేదీ కొరకు సొమ్మిచ్చినవానికి ఫలితము కూడ సొమ్ముతో వచ్చినదేయని తోచును. పరీక్షపై గౌరవము నాడే నశించును. ఎఱ్ఱదీపము కడ నిలువవలెనను నియమమును కూడ అతడట్టి తంతులలో నొకటిగానే యెంచును. దళారిని పట్టి జైలులో వేసినంత మాత్రమున ఇది తీరదు. అతడు కట్టు దుకాణము మనము త్రవ్విన గుంటమీదనే యున్నది. ఒక దళారితోనే మేము మాటలాడితిమి. "నేను లేకుంటే ఈ పల్లెటూరి వాళ్ళకు ఆ ఫారం ఎవరు నింపుతారు సార్?" అని అతడడిగెను. జవాబు వెంటనే తోపలేదు. ఫారము నింపుటవరకు అతడు చేయునది సేవ. దానికి న్యాయమైన కూలి పుచ్చుకొన్న తప్పులేదు. అక్కడినుండి ఒక్క అడుగు ముందుకు వేసిననాడు అది వేరొకటి యగుచున్నది.

ఎల్.ఎల్.ఆర్. లేకుండ బండి నడిపిన నేమగునని యడుగువారు మా పల్లెలలో నున్నారు. అనుభవములో నేమియు కాదు, ఒకనాడు ఏదో యొకటి జరుగువరకు. లైసెన్సు లేక నడిపినందులకు 2019లో చట్టమును సవరించి జరిమానాను అయిదువందలనుండి అయిదువేల రూపాయలకు పెంచిరి. కాని అసలు భయము జరిమానా గాదు. నడుపుచున్నవానికి లైసెన్సు లేదని తేలినచో, ట్రిబ్యునలు బీమా కంపెనీచేత గాయపడినవానికి సొమ్ము ఇప్పించి, ఆ సొమ్మును బండి యజమానినుండి రాబట్టుకొనుటకు కంపెనీకి అధికార మిచ్చుట కలదు. అనగా నేమి? కొడుకు చేసిన యొక తప్పుకు తండ్రి రెండెకరముల చేను అమ్ముకొనును. యజమాని తానే నడుపుచు మరణించినచో బండి బీమాలో చేరియున్న 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాదబీమాకు సయితము చెల్లుబడియగు లైసెన్సు ఉండవలెనను షరతు కలదు. దానిని భార్యాబిడ్డలు అప్పుడు తెలిసికొందురు.

ఇచ్చట ఎక్కువమంది యెరుగని సంగతి యొకటి కలదు. నేషనల్ ఇన్సూరెన్సు కంపెనీకిని స్వరణ్ సింగు అను వారికిని జరిగిన వ్యాజ్యెమున సుప్రీముకోర్టు 2004 జనవరిలో తీర్పు చెప్పుచు, ఎల్.ఎల్.ఆర్. గలవాడు నడుపుచుండగా ప్రమాదము జరిగినను బీమా కంపెనీ బాధ్యత వహింపవలసినదే యని నిర్ణయించినది. ఆ పలుచని కాగితమునకు, ఇంకను పూర్తి లైసెన్సు రాని ఆ తాత్కాలిక అనుమతికి, చట్టము దృష్టిలో నింత బలమున్నది. తేదీ దొరకక ఒక కుటుంబము రెండు మాసములు ఆలస్యము చేసినచో, ఆ రెండు మాసములును ఆ యింటి పొలము తాకట్టులో నున్నట్లే. ఏలన, తేదీ రానంత మాత్రమున బండి ఊరక నుండునా? పాలు పితికినవారు పోయవలెను. చీనీకాయ కోసినవారు మండీకి చేర్చవలెను. బండి కదలుచునే యుండును. కాగితము మాత్రము రాదు.

2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లమీద మరణించినవారు 1,68,491 మంది యని కేంద్ర రోడ్డు రవాణా శాఖవారే ప్రకటించిరి. వారిలో నూటికి నలువదినలుగురకు మించి ద్విచక్రవాహనములపై పోవువారు. ఒక సంవత్సరములో ఒక పట్టణమంత జనము నశించుచున్నను మనము దానిని కరవుగాని, కలరాగాని యని తలంపక, తలవ్రాత యనుచున్నాము. పరీక్ష సరిగా జరిగినచో వీరందరు బ్రతికెడివారని మేము చెప్పము. రోడ్డు గుంతలు, అధిక భారము, త్రాగి నడుపుట, శిరస్త్రాణము లేమి అను కారణములెన్నో కలవు. కాని వీనిలో సగమునకు విరుగుడు చెప్పునది ఆ పది పుటలే.

చదువురానివారిమాట యేమి? సరుకులు, ప్రయాణికులను మోయు బండ్లు నడుపువారు ఎనిమిదవ తరగతి చదివియుండవలెనను నిబంధనను కేంద్రము 2019లో తొలగించినది. చాల మంచి పని. మా లారీ డ్రైవర్లలో చేతిసంతకమైన చేయలేకయే దేశమంతయు చూచివచ్చిన నిపుణులున్నారు. కాని ఎదుటి తెరపై అక్షరములు వెలుగుచుండగా, చదువనేరనివాడు ఏ మీట నొక్కవలెను? ప్రక్కవాడు చూపిన మీట. దళారికిది రెండవ గిరాకి. ప్రశ్నను తేటతెనుగున గట్టిగా చదివి వినిపించి నోటిజవాబు పుచ్చుకొను వసతి ప్రతిచోట నుండినచో ఆ ప్రక్కవానికి పని యుండదు. ప్రశ్నల తెలుగును గూర్చియు ఒక మాట. కార్యాలయపు తెలుగు తరచుగ ఇంగ్లీషును ముక్కకు ముక్క మార్చినదై, తెలుగువానికే అర్థము కాకుండును. మేము గ్రాంథికము వ్రాయువారమై యుండియు చెప్పుచున్నాము: రోడ్డుమీది తెలుగు రోడ్డుమీదివాని తెలుగై యుండవలెను.

ఆడువారి కష్టము వేరు. ప్రొద్దుటూరులో స్కూటరు నడుపు స్త్రీలు ఈ కాలమున అరుదు గారు. ఉపాధ్యాయినులు, నర్సులు, బట్టల దుకాణములలో పనిచేయు బాలికలు పనికి స్కూటరుమీదనే పోవుచున్నారు. పరీక్ష కొరకు మరియొక ఊరికి, తెలియని వీధికి, దళారులు మూగిన ప్రాంగణమునకు బోవలెననగా ఇంటివారు వలదందురు. బండి మాత్రము నడుపుమందురు! ఈ వింత తర్కమును మేము పలుయిండ్లలో వింటిమి.

పరదేశములలో నెట్లున్నదని విచారించితిమి. బ్రిటనులో నడుపు పరీక్ష 1935లో నిర్బంధమయ్యెను. కాగితపు పరీక్షను 1996లో ప్రత్యేకించిరి. ఏబది ప్రశ్నలకు నలువదిమూడు సరిగా చెప్పవలెను. మన అరువదికి వారి ఎనుబదియాఱన్నమాట. అంతకంటె మాకు నచ్చినది, 1931లోనే 'హైవే కోడ్' అను చిన్న పుస్తకమును ఒక పెన్నీకి అచ్చువేసి జనులకందించుట. అయితే వారిని మరీ మెచ్చుకొననక్కరలేదు. ఇటీవల అచ్చటను నడుపు పరీక్షల తేదీలను కంప్యూటరు ఉపాయములచే ముందుగనే కాజేసి, నేర్చుకొనువారికి అధిక ధరల కమ్ము వ్యాపారము ప్రబలి, అక్కడి పార్లమెంటులోనే మొర వినబడినది. మన చెట్టునీడ దళారికి సీమలో దాయాదులున్నారు. తేదీ కరవైనచోట దళారి మొలచును, దేశభేదము లేదు.

మన కేంద్ర ప్రభుత్వము 2021 మార్చిలో ఎల్.ఎల్.ఆర్. మొదలగు పదునెనిమిది సేవలను ఆధారు ద్వారా కార్యాలయమునకు రాకయే పొందు మార్గమును తెరచినది. కొన్ని రాష్ట్రములలో పరీక్షను ఇంట కూర్చుండియే వ్రాయుచున్నారు. తేదీ బాధ దీనితో తొలగునని కొందరు సంతోషించుచున్నారు. మేమంత త్వరపడము. ఇంట వ్రాయు పరీక్షను అన్నగారు వ్రాయుచున్నారో తమ్ముడు వ్రాయుచున్నాడో చూచుట కష్టమను ఫిర్యాదులు అప్పుడే బయలుదేరినవి. దారి సులభమైనది, మంచిదే. పరీక్ష కూడ ఆవిరియైపోయిన మనకు మిగులునదేమి? మొదట దరఖాస్తుదారునే తిప్పిరి. తరువాత పరీక్షనే తీసివేసిరి యని చెప్పుకొనవలసివచ్చును.

మన తప్పును కూడ ఒప్పుకొందము. పదునాలుగేండ్ల బాలుడు ముగ్గురు స్నేహితుల నెక్కించుకొని మోటారు సైకిలుపై పోవుచుండగా చూచి, "మావాడు అప్పుడే నేర్చినాడు" అని మురియు తండ్రులు మా మూడు పట్టణములలోను కలరు. వారు చట్టములోని 199-ఏ విభాగమును ఎవరిచేతనైన చదివించుకొనవలెను. పిన్నవయస్కుడు నేరము చేసినచో తండ్రికిగాని బండి యజమానికిగాని మూడేండ్లవరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు మాసములు రద్దు. అంతటితో తీరలేదు. ఆ బాలునికి ఇరువదియైదేండ్లు నిండువరకు ఎల్.ఎల్.ఆర్. సయితము ఇయ్యరాదు. నేడు తండ్రి చూపిన ముద్దు వలన కుమారుడు ఉపాధి వెదకుకొను వయస్సున ఏ తేదీకిని అర్హుడు గాకపోవును. దళారితో బేరమాడువారమును మనమే. తరువాత లంచము పెరిగినదని వీధి అరుగుపై కూర్చుండి విచారించువారమును మనమే.

ఇక చేయవలసినది. పరీక్ష కొరకు పల్లెను పట్టణమునకు రప్పించుటకంటె పరీక్షనే పల్లెకు పంపుట మేలు. కంటి శిబిరములు వచ్చుచున్నవి, పశువైద్య శిబిరములు వచ్చుచున్నవి. వారమున కొకదినము జమ్మలమడుగులో నొక కళాశాలలోను, పులివెందులలో నొక కళాశాలలోను, ముద్దనూరు, వేంపల్లె వంటిచోట్ల నెల కొకమారును ఎల్.ఎల్.ఆర్. పరీక్ష పెట్టుటకు అడ్డేమి? కళాశాలలలో కంప్యూటర్లున్నవి, ఆదివారము అవి ఖాళీగ నున్నవి, పరీక్షకు రావలసిన వయస్సువారు ఆ ఆవరణముననే చదువుచున్నారు. పరీక్షకు ముందు అరగంట ఆ పది పుటలను ఒకరు నిలుచుండి చెప్పవలెను. చదువురానివానికి ప్రశ్న వినిపింపవలెను. ఇట్లు చేసి ఆపైన అరువది మార్కులను డెబ్బదియైదునకు పెంచినను మేము అభ్యంతరము చెప్పము, పెంచుమనియే కోరుదుము.

తేదీల పట్టిక ప్రతివారము ఏ దినమున ఏ గంటకు తెరచెదరో తెలుగున వ్రాసి కార్యాలయపు గోడకు, ప్రతి గ్రామ సచివాలయపు గోడకు అంటింపవలెను. ఫోను లేనివాడును, కువైటు మేనమామ నంబరువాడును నేరుగా వచ్చి కాగితముపై దరఖాస్తు ఇచ్చుటకు రోజునకు కొన్ని స్థానములు వేరుగా నుంచవలెను. సర్వరు చెడిన దినమున వచ్చినవానికి మరల సొమ్ముగాని ప్రయత్నముగాని లేక మరునాడే స్థానమియ్యవలెను. యంత్రము చెడుట కూలివాని తప్పు గాదు. దరఖాస్తుదారుడు యాచకుడు గాడు. చట్టమును పాటించుటకు తనంతట తాను వచ్చినవాడు. పాటింపనివానిని రోడ్డుమీద పట్టుకొనుటకు మనము పెట్టు శ్రమలో నాలుగవ వంతు, పాటింపవచ్చినవానిని లోనికి రానిచ్చుటకు పెట్టుదుముగాక.

ఇవి అలవికాని కోరికలు గావు. రవాణా శాఖవారు ఒక మాసము జమ్మలమడుగులో మాత్రము ప్రయత్నించి చూచినను చాలును. అట్టి దినమును వారు ప్రకటించినచో, ఆ ప్రకటనను ఈ పుటలలో ఉచితముగ ప్రచురించుటకు మేము సిద్ధము. మా పాఠకులలో ఉపాధ్యాయులున్నారు, వకీళ్ళున్నారు, లారీ యజమానులున్నారు. ఆ పది పుటలను తేటతెలుగున వ్రాసి యిచ్చువారు ముందునకు వచ్చిరేని, అచ్చు వేయించు భారము కూడ వహింతుము.

మైలవరము వైపు కుఱ్ఱవాడు దళారికి సొమ్మియ్యలేదు. ఇయ్యకూడదను పట్టుదల కొంత, ఇచ్చుటకు లేకపోవుట కొంత. అతనికి మరల తేదీ దొరకినది, వచ్చు మంగళవారము. పాల వ్యానువారు అంతవరకు ఆగెదమనిరి. నెట్ సెంటరు వాడు దయతలచి రోడ్డు గుర్తులను రంగులలో అచ్చువేసి ఇచ్చినాడు. తండ్రికి చదువు రాదు, రాత్రి భోజనమైన పిమ్మట ఒక్కొక్క బొమ్మను చూపి "ఇదేంది" అని అడుగును, కొడుకు చెప్పవలెను.

ఇరుకు వంతెన గుర్తు కడ మాత్రము తండ్రియే ముందుగా చెప్పినాడట.